నీటి మట్టం, నీటి త్రాసు: ద్రవశాస్త్ర చరిత్రలో ముస్లిం విద్వాంసులు

అరబీ భాషలో ఇంజనీరును ‘ముహందిస్’ అంటారు. ఈ మాటకు ప్రాచీన అరబీ నిఘంటుకారులు చెప్పిన అర్థం చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. భూగర్భంలో కనాతు తవ్వవలసినప్పుడు నీరు ఏ దారిన, ఎంత వాటంతో పారాలో కొలిచి నిర్ణయించేవాడు ముహందిస్ అని వారు రాశారు. ఈ మాట అరబీది కాదనీ, పారశీకంలోని ‘అందాజ’ నుంచి వచ్చిందనీ కూడా వారే చెప్పారు. అందాజ తెలుగువారికి పరాయి మాట కాదు. ‘అందాజుగా ఎంతవుతుంది?’ అని బజారులో అడిగే ప్రతివాని నోటా అది ఉంది. తెలుగులో ఆ మాట ఉజ్జాయింపు అనే అర్థానికి దిగింది. అరబీలో అదే మాట ‘హందస’గా మారి మొదట రేఖాగణితానికీ, తర్వాత ఇంజనీరింగు విద్యకంతటికీ పేరుగా నిలిచింది.

ముహందిస్ అనే మాట పుట్టిందే నీటి పని దగ్గర కనుక, ద్రవాలను గురించి ఆ సంప్రదాయం ఏమి తెలుసుకున్నది, ఏది తెలుసుకోలేకపోయింది అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. దీనికి రెండు రకాల జవాబులు ప్రచారంలో ఉన్నాయి. ముస్లిం విద్వాంసులు గ్రీకుల గ్రంథాలను భద్రపరచి యూరపుకు అందించారు, అంతకుమించి వారు చేసింది లేదని ఒక జవాబు. యూరపు కనిపెట్టినదంతా ముందే బాగ్దాదులో ఉన్నదని రెండవది. మొదటిది తెలియక చెప్పేది, రెండవది అభిమానంకొద్దీ చెప్పేది. రెండింటికీ మూలగ్రంథాలు చదివే శ్రమ అక్కరలేదు.

ఇంజనీరింగు విద్యార్థి ద్రవాలను గురించి తొలి సంవత్సరంలో నేర్చుకునే పాఠాలలో ముఖ్యమైనవి మూడు. నిలిచి ఉన్న ద్రవంలో పీడనం లోతునుబట్టి ఉంటుందే తప్ప పాత్ర వెడల్పునుబట్టి కాదన్నది మొదటిది. ద్రవంలో మునిగిన వస్తువు తాను తొలగించిన ద్రవం బరువుకు సమానమైన బరువును కోల్పోతుందన్నది రెండవది. మూడవది పారే ద్రవాన్ని గురించినది. దారి ఇరుకైనచోట వేగం పెరుగుతుంది, వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఈ మూడింటి చరిత్ర ఒకే తీరుగా నడవలేదు.

మొదట ఒక కాలువ కథ. అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ సామర్రాకు ఉత్తరాన జాఫరియ్య అనే కొత్త నగరం కట్టించాడు. దానికి దజ్లా నది నుంచి, అంటే టైగ్రిస్ నుంచి నీరు తేవడానికి కాలువ తవ్వించే బాధ్యతను బనూ మూసా సోదరులైన ముహమ్మద్, అహ్మద్‌లకు అప్పగించాడు. వీరి తండ్రి మూసా బిన్ షాకిర్. యౌవనంలో దారిదోపిడీలు చేసినవాడనీ, తర్వాత ఖగోళజ్ఞుడై మామూన్‌కు సన్నిహితుడయ్యాడనీ ఆయనను గురించి ఒక కథ ఉంది. మూడవ సోదరుడు హసన్‌తో కలిపి ఈ ముగ్గురూ గణితంలోనూ యంత్రవిద్యలోనూ ఆ శతాబ్దానికే పేరు తెచ్చారు. అనువాదకులకు నెలకు 500 దీనార్ల వరకు ఇచ్చి గ్రీకు గ్రంథాలు అరబీలోకి తెప్పించారని ప్రతీతి. అనువాదకునికి అంతటి ఆదరణ చరిత్రలో తరుచుగా దొరికేది కాదు.

అయితే విద్యతో పాటు వారికి అసూయ కూడా ఉండేది. తత్త్వవేత్త అల్ కిందీని గురించి ఖలీఫా మనసు విరిచి, ఆయన గ్రంథాలయాన్ని స్వాధీనం చేసుకున్నారు. సనద్ బిన్ అలీ అనే మరో ఇంజనీరును దర్బారుకు దూరం చేసి బాగ్దాదుకు పంపించివేశారు. కాలువ పనిని సనద్‌కు కాక అల్ ఫర్గానీకి ఇచ్చారు. ఫర్గానీ సామాన్యుడు కాడు. ఆయన ఖగోళ గ్రంథం తర్వాతి కాలంలో యూరపులో శతాబ్దాల తరబడి పాఠ్యగ్రంథంగా చెల్లింది. కాని ఈ కాలువలో ఆయన లెక్క తప్పింది. కాలువ మొగను మిగతా కాలువకంటె లోతుగా తవ్వించాడు.

ఈ తప్పు ఏమిటో తెలుగు రైతుకు వివరించనక్కరలేదు. తలకాలువ లోతుగా ఉండి, ముందు కాలువ మెరకగా ఉంటే, నది నిండుగా ఉన్నన్నాళ్ళు నీరు పారుతుంది. నది తీసిన తర్వాత మొగలో నీరు నిలిచి ఉంటుంది తప్ప ముందుకు కదలదు. పొలానికి నీరు అందించేది మొగ దగ్గరి లోతు కాదు, మొదటి నుంచి చివరివరకు తప్పని వాటం. నీటిని నడిపించేది దాని పైమట్టంలోని వాలు అని నేటి పాఠ్యపుస్తకం చెబుతుంది.

వార్త ఖలీఫాకు చేరింది. ఆయన సనద్‌ను పిలిపించి కాలువను పరిశీలించి రమ్మన్నాడు. తప్పు నిజమని తేలితే సోదరులిద్దరినీ ఆ కాలువ గట్టునే శిలువ వేయిస్తానని ప్రమాణం చేశాడు. తాము వెళ్ళగొట్టించినవాని చేతిలోనే ఇప్పుడు తమ ప్రాణాలు ఉన్నాయి. సోదరులు సనద్‌ను వేడుకున్నారు. కిందీతో తనకూ పొరపొచ్చాలున్నాయనీ, అయినా ఆయన గ్రంథాలను లాక్కోవడం అన్యాయమనీ, ముందు అవి తిరిగి ఇవ్వాలనీ సనద్ పట్టుబట్టాడు. ముహమ్మద్ గ్రంథాలన్నీ కిందీకి చేరవేసి, ముట్టినట్లు ఆయన చేతిరాతతో రసీదు తెచ్చి చూపాడు. అప్పుడు సనద్ అసలు సంగతి చెప్పాడు. దజ్లా పొంగు మీద ఉంది, నాలుగు నెలల వరకు కాలువలోని తప్పు బయటపడదు, ఖలీఫా అంతకాలం బతకడని జ్యోతిష్కులు అంటున్నారు. కాలువలో ఏ దోషమూ లేదని అతడు ఖలీఫాకు విన్నవించాడు. హిజ్రీ 247, అంటే క్రీ.శ. 861లో ముతవక్కిల్ తన తురుష్క అంగరక్షకుల చేతిలో హతుడయ్యాడు. గడువు తీరనేలేదు.

ఈ వృత్తాంతాన్ని 13వ శతాబ్దపు వైద్యచరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా గ్రంథస్థం చేశాడు. సంఘటనకు నాలుగు శతాబ్దాల తర్వాత రాసినది కనుక, జ్యోతిష్కుల మాట వంటి చోట్ల కథకుని చేతివాటం ఉండకపోదు. కాని కాలువ తప్పును వర్ణించిన తీరు కథకుని కల్పనలా లేదు. అది పనివాని తప్పు, పనివాడు వర్ణించినట్లే ఉంది. సనద్ చెప్పిన అబద్ధం సంగతి వేరు. ఒక అన్యాయాన్ని సరిదిద్దడానికి, ఇద్దరి ప్రాణాలు నిలపడానికి అతడు ఖలీఫా ఎదుట అసత్యం పలికాడు. అతనికి తీర్పు చెప్పడం చరిత్రకారుని పని కాదు.

అదే ఫర్గానీ పేరు, అదే 861వ సంవత్సరం మరోచోట వేరే విధంగా కనిపిస్తాయి. కైరోలో నైలునది మధ్యనున్న రౌదా దీవిలో ముతవక్కిల్ ఆజ్ఞతోనే ఆ ఏడు నీటికొలబావి కట్టారు. దాని నిర్మాతగా ఫర్గానీ పేరు చెబుతారు. మూడు సొరంగాల ద్వారా వేర్వేరు ఎత్తులలో నది నీరు బావిలోకి వస్తుంది. నడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం మీద మూరల గుర్తులు ఉన్నాయి. నదిలో అలలు ఎగిసిపడుతున్నా బావిలో నీరు నెమ్మదిగా, నది మట్టానికే నిలుస్తుంది. కలిసి ఉన్న పాత్రలలో ద్రవం ఒకే మట్టానికి వస్తుందన్న సూత్రానికి ఇంతకంటె పెద్ద ప్రదర్శన ప్రయోగశాలలో సాధ్యం కాదు. నది ఎన్ని మూరలు ఎక్కిందో దానినిబట్టి ఆ ఏటి పంటనూ శిస్తునూ అంచనా వేసేవారు. స్తంభం నేటికీ నిలిచి ఉంది.

కాలువ వాటం తప్పితే ఏమవుతుందో బాగా ఎరిగిన మరొకరు అబూ బక్ర్ అల్ కరజీ. ఈయన బీజగణితంలో ప్రసిద్ధుడు. బాగ్దాదులో ‘అల్ ఫఖ్రీ’ అనే గ్రంథం రాసి, తర్వాత ఇరాను కొండ ప్రాంతాలకు వెళ్ళిపోయాడు. అక్కడ 11వ శతాబ్దపు తొలి పాదంలో ‘ఇన్బాతుల్ మియాహిల్ ఖఫియ్య’ రాశాడు. మరుగున ఉన్న నీటిని పైకి తీయడం అని దాని భావం. వాననీరు, మంచు భూమిలోకి ఇంకి ఊటలుగా రావడం, పైన మొలిచిన మొక్కలనుబట్టీ నేల రంగునుబట్టీ లోపలి నీటిని పసిగట్టడం, కనాతు తవ్వే విధానం, పూడిక తీసే విధానం అందులో ఉన్నాయి. కరజీ వర్ణించిన మట్టపు పరికరాలు గ్రంథంలోకెల్లా విలువైన భాగం. అప్పటికి వాడుకలో ఉన్నవాటిని వివరించి, తాను కొత్తగా రూపొందించినవాటినీ చేర్చాడు. నేటి మేస్త్రీ రసమట్టం పెట్టి చేసే పనినే ఆయన దారం, గుండు, గొట్టాలతో రెండు దూరపు చోట్ల మధ్య చేసి చూపాడు.

బీజగణితవేత్త బావుల గురించి రాయడం వింతగా తోచవచ్చు. కనాతు మైళ్ళ పొడవున చీకటిలో పోతుంది. వాటం ఎక్కువైతే నీరు గోడలను కోసి సొరంగాన్ని కూల్చుతుంది. తక్కువైతే ఒండ్రు పేరుకొని ఊపిరి ఆడదు. మైలుకు కొద్ది అడుగుల తేడాను భూమి లోపల నిలపాలంటే లెక్క వచ్చి ఉండాలి. ఇక ‘హరీం’ అనే ధర్మశాస్త్ర ప్రశ్న ఒకటి ఉంది. ఒకరి బావికీ కనాతుకూ ఎంత దూరంలో మరొకరు తవ్వకూడదు? ఫిఖహ్ పండితులు దీనికి కొలతలు చెప్పారు. కరజీ ఆ చర్చలోకి నేల స్వభావాన్ని తీసుకువచ్చాడు. గుల్ల నేలలో ఒకరి బావి ఇంకొకరి ఊటను లాగుకొనే దూరం ఎక్కువ, గట్టి నేలలో తక్కువ. రంధ్రాలున్న నేలలో నీటి నడకకు సూత్రం చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు డార్సీ, 1856లో. కరజీ దగ్గర ఆ సూత్రం లేదు. కాని సూత్రం ఏ ప్రశ్నకు జవాబో ఆ ప్రశ్న ఉంది, అది కోర్టుకెక్కే ప్రశ్నగా ఉంది.

ఇప్పుడు రెండవ పాఠానికి వస్తే, అది ఆర్కిమెడీస్‌ది. క్రీ.పూ. 212లో సిరక్యూజు పతనంలో మరణించిన ఆ గ్రీకు మేధావి తేలే వస్తువుల గురించి రాసిన గ్రంథం అరబీలోకి పూర్తిగా రాలేదు. నిరూపణలు లేకుండా ప్రతిపాదనల సంగ్రహం మాత్రం చేరింది. కనుక ‘గ్రీకులది భద్రపరచి అందించారు’ అనే వాదం ఈ విషయంలో అసలు అతకదు. భద్రపరచడానికి వారి చేతికి వచ్చిందే కొద్ది. ఆ కొద్ది సూత్రాన్ని తీసుకొని వారు నిరూపణల వైపు వెళ్ళలేదు, కొలతల వైపు వెళ్ళారు.

ఆ దారిలో పెద్ద అడుగు వేసినవాడు అబూ రైహాన్ అల్ బీరూనీ (973–1048). భారతదేశం గురించిన ఆయన గ్రంథం ఇక్కడి పాఠకులకు తెలిసిందే. లోహాల, రత్నాల సాంద్రతలను పోల్చడానికి ఆయన శంకువు ఆకారంలో ఒక పాత్ర చేయించాడు. మెడ సన్నంగా ఉండి, దాని పక్కన కిందికి వంగిన నాళం ఉంటుంది. నాళం మట్టం వరకు నీరు పోసి, తూచిన లోహాన్ని వేస్తే, ఆ లోహం ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత నీరు నాళంలో నుంచి పక్కనున్న పళ్ళెంలో పడుతుంది. ఆ నీటిని తూచితే చాలు. మెడ సన్నగా ఉండటంలోనే తెలివి అంతా ఉంది. వెడల్పు మెడలో కొద్ది నీరు పెరిగినా మట్టం తేడా కంటికి ఆనదు. సన్నని నాళంలో నీరు అంటుకొని కొంత నిలిచిపోవడాన్ని కూడా ఆయన లెక్కలోకి తీసుకొని, ఆ చిక్కును తగ్గించడానికి నాళాన్ని సరిచేసుకున్నాడు. తలతన్యత అనే పేరు అప్పటికి లేదు.

ఈ పద్ధతిలో తేలిన అంకెలు తర్వాతి గ్రంథాలలో ఉన్నాయి. వాటిని నీటితో పోల్చిన నేటి లెక్కలోకి మార్చితే బంగారం 19.05 అవుతుంది, నేటి విలువ 19.3. పాదరసం 13.56, నేడు 13.6. సీసం 11.32, నేడు 11.35. ఇనుము 7.74. రాగి 8.66, నేటి విలువ 8.9కి దగ్గర కనుక అక్కడ తేడా కాస్త ఎక్కువ. ఆనాటి రాగిలో మలినాలు ఉండటం దానికి కారణం కావచ్చు. ఏది ఏమైనా బడ్డీకొట్టు తక్కెడకు పెద్దన్న వంటి సాధనంతో వెయ్యేళ్ళ క్రితం ఈ అంకెలు రాబట్టడం తేలిక కాదు.

నిలిచిన నీటి పీడనం గురించి కూడా బీరూనీకి స్పష్టమైన అవగాహన ఉంది. కొన్ని ఊటలు పైకి చిమ్మడానికి కారణం దైవికమైన వింత కాదనీ, వాటి మూలం అంతకంటె ఎత్తున ఉండటమేననీ, మూలం ఎత్తుననుంటే నీటిని కోట బురుజు మీదికైనా ఎక్కించవచ్చుననీ ‘అల్ ఆసారుల్ బాఖియ’లో రాశాడు.

సాంద్రతల కొలతకు ఇంత పట్టుదల ఎందుకు? దీనికి జవాబు ఖజానాలో దొరుకుతుంది. నాణేలలో, నగలలో, రత్నాలలో కల్తీని వస్తువు చెడకుండా పట్టుకోవడానికి నీటిని మించిన సాక్షి లేదు. ఖురాసానులో అబూ హాతిం అల్ ముజఫ్ఫర్ అల్ ఇస్ఫిజారీ అనే విద్వాంసుడు ఉండేవాడు. ఉమర్ ఖయ్యాముకు సమకాలికుడు. కల్తీని బయటపెట్టే నీటి త్రాసును ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి తయారుచేసి సుల్తానుకు సమర్పించాడు. ఖజానా అధికారి దాన్ని చూశాడు. తన చేతిలో ఖజానాకు జరిగిన ద్రోహం ఆ త్రాసుతో బట్టబయలవుతుందని భయపడి దాన్ని ముక్కలు చేయించాడు. ఆ దిగులుతోనే ఇస్ఫిజారీ మరణించాడని చరిత్రకారుడు జహీరుద్దీన్ బైహఖీ రాశాడు. శాస్త్ర పరికరాన్ని దాని తప్పులకు కాక, అది తప్పు చేయదన్న కారణానికే ధ్వంసం చేసిన ఉదాహరణలు చరిత్రలో అరుదు.

ఆ పనిని తిరిగి చేపట్టినవాడు అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీ. పుట్టుకతో రూమీ, అంటే గ్రీకు సంతతివాడు. మర్వ్ నగరంలో ఒక ఖజానాదారు దగ్గర బానిసగా పెరిగాడు. పేరులోని ఖాజినీ అన్న భాగం ఆ యజమాని వృత్తి నుంచి వచ్చింది. యజమాని అతనికి గణితం, తత్త్వశాస్త్రం చెప్పించాడు. సుల్తాన్ సంజర్ కొలువులో పేరు పొందిన తర్వాత కూడా అతని జీవితం చాలా నిరాడంబరమైనది. తనకు పంపిన వెయ్యి దీనార్ల కానుకను తిప్పి పంపాడనీ, తన దగ్గర పది దీనార్లున్నాయి, ఏడాదికి మూడు చాలునని చెప్పాడనీ బైహఖీ ఉల్లేఖించాడు. ఒక ఖజానాదారు త్రాసును పగులగొట్టించాడు, మరో ఖజానాదారు ఇంట పెరిగిన బానిస దాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

హిజ్రీ 515, అంటే క్రీ.శ. 1121–22లో ఖాజినీ ‘మీజానుల్ హిక్మ’ రచించాడు. వివేకపు త్రాసు అని దాని అర్థం. గ్రంథం లోహాలతో మొదలుకాదు, న్యాయంతో మొదలవుతుంది. ఖుర్ఆన్‌లో మీజాన్ అనే మాటకున్న స్థానం తెలిసినవారికి ఇందులో వింత లేదు. తూకంలో న్యాయం అన్నది ధర్మబోధ. కాని రాగి కలిసిన బంగారం ముందు ధర్మబోధ ఒక్కటే ఏమీ చేయలేదు. అక్కడికి సాంద్రత కావాలి.

ఆ త్రాసు దండం నాలుగు మూరల పొడవు. దానికి అయిదు పళ్ళేలు. వాటిలో ఒకటి నీటిలో మునిగి ఉంటుంది, ఒకటి దండం మీద జరుగుతుంది. పని చేసే విధానం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 100 మిస్ఖాళ్ళ స్వచ్ఛమైన బంగారాన్ని నీటిలో తూచితే, పై సాంద్రత ప్రకారం దాదాపు 5.25 మిస్ఖాళ్ళు తగ్గుతుంది. అంతే బరువు రాగి అయితే 11.55 తగ్గుతుంది. ఒక నగ 100 మిస్ఖాళ్ళు తూగి నీటిలో 8.40 తగ్గిందనుకుందాం. ఆ అంకె రెండింటికీ సరిగ్గా నడుమ ఉంది. కనుక నగలో సగం బంగారం, సగం రాగి. నగను కరిగించనక్కరలేదు, గీటురాయి మీద గీయనక్కరలేదు. రెండు లోహాలకంటె ఎక్కువ కలిస్తే ఈ ఒక్క తూకం చాలదు. అటువంటి చిక్కులనూ ఖాజినీ చర్చించాడు.

నీటిని గురించి కూడా అతడు జాగ్రత్త వహించాడు. చన్నీరు వేన్నీరు ఒకటి కావు, మంచినీరు ఉప్పునీరు ఒకటి కావు. ద్రవాల సాంద్రత కొలవడానికి నీటిలో నిలువుగా తేలే గొట్టాన్ని వర్ణించి, దాన్ని గ్రీకు విద్వాంసుడు పాప్పస్‌కు చెందినదని నిజాయితీగా చెప్పాడు. ఇంకా ముందుకు వెళ్ళి, గాలి కూడా నీటివలె వస్తువులను కొంత పైకి తోస్తుందనీ, దట్టమైన గాలిలోకంటె పలుచని గాలిలో వస్తువు ఎక్కువ తూగుతుందనీ అన్నాడు. గాలికి బరువున్నదని టారిచెల్లీ పాదరసపు గొట్టంతో చూపింది 1643–44లో. అంతమాత్రాన వాయుభార మాపకాన్ని ఖాజినీకి ఆపాదించడం తగదు. అతడు గాలి పీడనాన్ని కొలవలేదు. ఆర్కిమెడీస్ సూత్రాన్ని నీటి దగ్గర ఆపకుండా గాలికి వర్తింపజేశాడు. ఆ గౌరవం చాలు.

పారే నీటి విషయానికి వస్తే పరిస్థితి మారుతుంది. బనూ మూసా సోదరులు 850 ప్రాంతంలో రాసిన ‘కితాబుల్ హియల్’లో సుమారు వంద పరికరాలు ఉన్నాయి. ఒకే కూజా నుంచి కోరినప్పుడు ఒక ద్రవం, మరోసారి ఇంకొకటి పోసే విచిత్రాలు, రూపం మార్చుకొనే ఫౌంటెన్లు అందులో ఎక్కువ. పైకి అవి విందులో అతిథులను విస్మయపరచే ఆటవస్తువులు. లోపల మాత్రం సైఫన్లు, తేలుడు బంతులు, శంకువు ఆకారపు కవాటాలు ఉన్నాయి. ఇంటి మీది ట్యాంకు నిండగానే బంతి తేలి కుళాయిని మూసే ఏర్పాటును వారు గుర్తుపట్టి ఉండేవారు.

మూడున్నర శతాబ్దాల తర్వాత, 1206లో, అల్ జజరీ దియార్‌బక్ర్‌లో తన యంత్రగ్రంథాన్ని ముగించాడు. అందులోని జంట పిస్టన్ల పంపు ఒకవైపు పీల్చుకొంటూ మరోవైపు తోస్తుంది. దాని గురించి అందరూ రాస్తారు. అంతకంటె ఆలోచించదగినవి ఆయన నీటి గడియారాలు.

నీటి గడియారంలో మొదటి కష్టం ఇది. అడుగున రంధ్రమున్న పాత్రలో నీరు తగ్గేకొద్దీ ధార మందగిస్తుంది, కాలం తప్పుతుంది. దీనికి పూర్వులూ జజరీ చేసిన ఉపాయం మట్టాన్ని తగ్గనీయకపోవడం. పెద్ద తొట్టి కింద చిన్న అర, అందులో తేలే కవాటం. నీరు తగ్గగానే బిరడా దిగి కొత్త నీరు వస్తుంది, నిండగానే మూసుకొంటుంది. చిన్న అరలో మట్టం మారదు కనుక ధార వేగం మారదు. రెండవ కష్టం ఆనాటి గంటల లెక్కది. పగటిని పన్నెండు భాగాలు చేసేవారు కనుక ఎండాకాలపు గంట పెద్దది, చలికాలపు గంట చిన్నది. అందుకని రోజూ ధార వేగాన్ని కొద్దికొద్దిగా మార్చాలి. రంధ్రాన్ని తిరిగే బిళ్ళ మీద అమర్చి, దాన్ని తిప్పి నీటిమట్టం కింద రంధ్రపు లోతును మార్చేవారు. పూర్వులు చేసిన విభజనలతో గంటలు తప్పుతున్నాయని జజరీ గమనించాడు. కాబట్టి ఓపికగా నీరు పారించి, కొలిచి, ఏ గుర్తు ఎక్కడ ఉండాలో ప్రయోగం ద్వారానే నిర్ణయించాడు.

ఇక్కడ కాస్త ఆగవలసి ఉంది. లోతు ఇంత అయితే ధార ఇంత అనే సంబంధం జజరీ బిళ్ళ మీద గీతలుగా చెక్కి ఉంది. ఆ సంబంధాన్ని మాటల్లో పెట్టి ఉంటే, ధార వేగం లోతు వర్గమూలంతో పాటు పెరుగుతుందని తేలేది. లోతు నాలుగింతలైతే వేగం రెండింతలే. ఒక మీటరు లోతున సెకనుకు 4.43 మీటర్లు, నాలుగు మీటర్ల లోతున 8.86 మీటర్లు. ఈ మాట చెప్పినవాడు టారిచెల్లీ, 1644లో. జజరీ దానికి అంగుళం దూరంలో నిలబడి, చేయి చాచలేదు.

కారణం తెలివి లోపం కాదు. తేలుడు కవాటం అంత చక్కగా పనిచేసినందువల్లనే లోతుకూ వేగానికీ సంబంధమేమిటన్న ప్రశ్న తొలగిపోయింది. మట్టాన్ని స్థిరంగా నిలపగలిగినవానికి, మట్టం మారితే ఏమవుతుందో అడగవలసిన అవసరం లేదు. బిళ్ళ మీద మాత్రం ఆ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. అక్కడ కూడా పనివాని ఓపిక దాన్ని పరిష్కరించింది, లెక్క అక్కరలేకపోయింది. రెండవ కారణం టారిచెల్లీ వైపు ఉంది. అతడు గెలీలియో శిష్యపరంపరలోనివాడు. పడే వస్తువు వేగం పడిన ఎత్తు వర్గమూలాన్ని అనుసరిస్తుందన్న గెలీలియో సూత్రం అప్పటికే చేతిలో ఉంది. రంధ్రం నుంచి వచ్చే నీరు కూడా పైమట్టం నుంచి పడిన నీటి వంటిదేనని చెప్పడమే అతనికి మిగిలింది. జజరీకి ఆ మొదటి మెట్టు లేదు.

తర్వాతి కథ యూరపుది. ఇరుకు దారిలో వేగం పెరగడాన్ని కాస్టెల్లీ 1628లోనే కాలువలకు అన్వయించి రాశాడు. వేగానికీ పీడనానికీ ఉన్న సంబంధం డేనియల్ బెర్నూలీ గ్రంథంలో 1738లో వచ్చింది. ఆయిలర్ 1757 నాటికి దాన్ని సమీకరణాలుగా మలిచాడు. స్నిగ్ధతను నావియే 1822లోనూ స్టోక్స్ 1845లోనూ అందులో చేర్చారు. బెర్నూలీ సూత్రం ముందే అరబీలో ఉన్నదని అభిమానులు అక్కడక్కడ రాస్తుంటారు. లేదు. ఉన్నదని చెప్పేవారు ఖాజినీకి మేలు చేయరు. లేనిదాన్ని ఆపాదిస్తే చదువరి ఉన్నదాన్ని కూడా నమ్మడు.

నీటి పనితనం మాత్రం గ్రంథాలతో సంబంధం లేకుండానే దక్కనుకు వచ్చింది. బీదర్‌లో బహమనీల కాలంలో, 15వ శతాబ్దంలో, ఇరాను పద్ధతిలో రాతిని తొలిచి కనాతు తవ్వారు. అక్కడ దాన్ని కరేజ్ అంటారు. పైనుంచి గాలి, వెలుతురు కోసం వరుసగా బావులు, కింద సొరంగం. ఎన్నో ఏళ్ళు పూడికలో ఉన్న దీన్ని 2010 తర్వాతి దశకంలో శుభ్రం చేశారు. ఔరంగాబాదులో మలిక్ అంబర్ 17వ శతాబ్దంలో వేయించిన నహర్ మట్టిగొట్టాలలో నీటిని ఊరిలోకి తెచ్చింది. గొట్టాలలో చిక్కిన గాలిని, పెరిగిన పీడనాన్ని వదలడానికి దారిపొడుగునా ఇటుక స్తంభాలు కట్టారు. వాటిని కట్టినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

గ్రంథాలు హైదరాబాదుకు వేరే దారిన వచ్చాయి. ‘మీజానుల్ హిక్మ’ ప్రతి ఒకటి 19వ శతాబ్దంలో ఇరానులో రష్యా దౌత్యాధికారి ఖానికోవ్ చేతికి చిక్కింది. దాని సారాంశాన్ని అతడు 1860 నాటికి అమెరికా ప్రాచ్యపరిషత్తు పత్రికలో ప్రకటించాడు. అరబీ మూలం అచ్చయింది హైదరాబాదులో, 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ తరఫున, హిజ్రీ 1359లో, అంటే 1940–41లో. కరజీ గ్రంథం కూడా అదే దశకంలో అదే సంస్థ నుంచి వెలువడింది. 1973లో అది ఫ్రెంచిలోకి వెళ్ళింది.

ఆ సంవత్సరాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచేది. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమ అనువాదకులు ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూ చేస్తూ పదాలు కూర్చారు. నిలిచిన నీటి శాస్త్రానికి ‘మాసుకూనియాత్’, కదిలే నీటి శాస్త్రానికి ‘మాహరకియాత్’ అని పేర్లు పెట్టారు. ‘మా’ అంటే నీరు, ‘సుకూన్’ నిలకడ, ‘హరకత్’ కదలిక. మూడూ అరబీ మాటలే. 1929లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాలలో తెలుగు ఇళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు కూడా ఆ భాషలోనే చదివారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్కిమెడీస్ సూత్రాన్ని అరబీ పదాలలో, ఉర్దూ వాక్యాలలో నేర్చుకుంటున్న సమయంలో, అదే నగరంలోని అచ్చుకూటంలో ఖాజినీ త్రాసు గ్రంథానికి అక్షరాలు కూరుస్తున్నారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది, ఉర్దూ పాఠ్యపుస్తకాలు గ్రంథాలయం అరలకు చేరాయి. హైదరాబాదులో అచ్చయిన ‘మీజానుల్ హిక్మ’ను మాత్రం ఖాజినీ గురించి రాసే విద్వాంసులు నేటికీ పుటల సంఖ్యతో సహా ఉదహరిస్తున్నారు.